అనంతపురం, కర్నూలు, కడప సీమలో ఏ ద్రాక్ష పెట్టాలి? తోటకు ముందు తేల్చుకోవాల్సిన ఎంపికలు

ద్రాక్ష పెట్టాలనుకున్న రైతు నర్సరీకి పోయి మొదట అడిగేది రకం పేరు. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. మే నెలలో బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుంది, జనవరి తెల్లవారుజామున చేలో చలి ఎంత, కోసిన పంటను కొనేదెవరు అన్న మూడూ తెలిస్తే రకాల పట్టీలో సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన సగంలోంచి ఎంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

ఒకే ఎండ కాదు

రాయలసీమ అంతా ఒకటే ఎండ అని బయటివాళ్లు అనుకుంటారు. తీగకు మాత్రం ఇక్కడ మూడు వేర్వేరు వాతావరణాలు ఉన్నాయి.

దక్షిణాన హిందూపురం, మడకశిర, లేపాక్షి వైపు నేల సముద్రమట్టానికి 600 మీటర్లు, ఆపైన. సరిహద్దు దాటితే గౌరీబిదనూరు, చిక్కబళ్లాపురం, అంటే కర్ణాటక ద్రాక్ష తోటల నడుమకు వెళ్లినట్టే. జనవరి రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి. అనంతపురం పట్టణం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రి 17 డిగ్రీలు, ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దాటుతుంది. కడప 140 మీటర్ల లోతట్టు. చలికాలంలో కూడా అక్కడ రాత్రి 19, 20 దగ్గరే ఆగిపోతుంది. పగటి ఎండ ఎంత ఉందని అందరూ చూస్తారు గానీ, ద్రాక్ష రంగు, పులుపు, వాసన తేలేది ఈ రాత్రి అంకెల మీదే.

వాన లెక్క కూడా వేరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. పడుతుంది. అందులో ఎక్కువ సెప్టెంబరుది, దాని తర్వాత అక్టోబరుది. నవంబరు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. కడపలో మొత్తం 700 మి.మీ. దాకా పడుతుంది, బంగాళాఖాతం వాయుగుండాలు అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడిదాకా వస్తాయి. రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబరు 19న. ద్రాక్ష పూతకొచ్చే వేళ కూడా సరిగ్గా అదే. పూత మీద వాన పడితే పిందె రాలుతుంది, రాలగా మిగిలిన దాన్ని బూజు తెగులు తింటుంది. కడప వైపు ద్రాక్షకు ఎండకన్నా పెద్ద శత్రువు ఈ నవంబరు వానే.

లా మాంచాలో పండేది ఇక్కడ ఎందుకు పండదు

స్పెయిన్‌లోని లా మాంచా వీడియోలు చూసి, మనలాగే ఎర్రనేల, మనకన్నా తక్కువ వాన, వాళ్లు వైన్ ద్రాక్ష పండిస్తుంటే మనమెందుకు పండించలేం అని అడుగుతుంటారు. పోలిక పైపైన నిజమే. లా మాంచా 600, 700 మీటర్ల పీఠభూమి. ఏడాదికి 400 మి.మీ. చుట్టూ వాన, వేసవిలో 40 డిగ్రీల ఎండ. ఐరెన్ అనే తెల్లరకాన్ని పందిరి, తీగలు లేకుండా పొదల్లా, మొక్కకూ మొక్కకూ రెండున్నర మీటర్ల ఎడం పెట్టి పెంచుతారు. అక్కడ చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి. తీగ ఆకు రాల్చి నెలల తరబడి నిద్రపోతుంది. వాన కూడా ఆ చలికాలంలో, వసంతంలో పడుతుంది, కాయ పండే వేసవి పొడిగా ఉంటుంది. కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే.

మన దగ్గర తీగకు నిద్ర లేదు. దాన్ని మనమే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి నడపాలి. ఏప్రిల్‌లో ఒకటి రెండు కళ్లకు (కొమ్మ మీద చిగురు వచ్చే చోట్లకు) వెనక్కి కోసి కొత్త కొమ్మ తెప్పిస్తాం. ఆ కొమ్మలో వేసవి ఎండకు పూమొగ్గ లోపలే తయారవుతుంది. అక్టోబరులో రెండో కత్తిరింపు చేసి కాయకు వదులుతాం. కళ్లు ఒక్కసారిగా విచ్చడానికి హైడ్రోజన్ సైనమైడ్ అనే మందు పూయాల్సి వస్తుంది. విదేశాల్లో పేరున్న రకం ఇక్కడ కాయకపోతే తప్పు రకంలో ఉండదు. ఈ రెండు కత్తిరింపుల చక్రానికి, వేడి రాత్రులకు అది సర్దుకోలేకపోతుంది.

ఈ సీమకు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతంతో పోలిక ఇంకాస్త దగ్గరగా కుదురుతుంది. అక్కడా వాన బహు తక్కువ, వేసవి 38 దాటుతుంది, నీళ్లు పెడితేనే పంట. అక్కడి రైతులు దశాబ్దాలుగా థామ్సన్ సీడ్‌లెస్ పెట్టి ఎండబెట్టి కిస్మిస్ చేసి అమ్ముతున్నారు. అంత వేడిలో నాజూకు వైన్‌కన్నా ఎండు ద్రాక్ష నయమని వాళ్లు తేల్చుకున్నారు. అనంతపురం రైతుకు ఆ సంగతి పనికొస్తుంది.

వేడిని లెక్కగట్టే పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎమెరిన్, వింక్లర్ 1944లో ప్రచురించారు. రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని రోజూ కూడుతూ పోవాలి. కాయ పండడానికి ఆ కూడిక 1,800 కావాలనుకుందాం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనంతపురంలో సగటు 25 అనుకుంటే రోజుకు 15 చొప్పున 120 రోజుల్లో 1,800 అవుతుంది. నాసిక్‌లో ఆ కాలపు సగటు 22 దగ్గర ఉంటుంది. రోజుకు 12 చొప్పున అదే 1,800కి 150 రోజులు పడుతుంది. అంటే నాసిక్ కాయకు చెట్టు మీద ఇంకో నెల దొరుకుతుంది. వేడి రాత్రుల్లో కాయ తనలోని పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని తానే ఖర్చు పెట్టుకుంటుంది. తీపి ముందొస్తుంది, రంగూ వాసనా వెనకబడతాయి. తినే తెల్ల ద్రాక్షకు ఇది నష్టం కాదు, పంట తొందరగా చేతికొస్తుంది. ఎర్ర వైన్‌కు మాత్రం ఇదే పెద్ద లోపం.

ముందు బోరు కొలవండి

ఏప్రిల్ కత్తిరింపు తర్వాత చిగురు సాగే రోజుల్లో అనంతపురంలో రోజుకు 10 మి.మీ. దాకా నీరు ఆవిరవుతుంది. అందులో 40 నుంచి 45 శాతం డ్రిప్పుతో తీగకు అందించాలి. ఒక మి.మీ. అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్లు. అంటే రోజుకు 16,000 నుంచి 18,000 లీటర్లు. 9 గంటల కరెంటులో అది అందాలంటే ఎకరాకు గంటకు 2,000 లీటర్లు కావాలి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 6 నిమిషాలకు నిండితే ఆ బోరు ఒక ఎకరానికే. 2 నిమిషాలకు నిండితే మూడెకరాలు. ఈ కొలత మే మూడో వారంలో, మోటారు రెండు గంటలు ఆడిన తర్వాత తీయాలి. నవంబరులో తీసిన కొలత మీద తోట పెట్టడం అప్పు తెచ్చుకోవడమే.

ఒక వెసులుబాటు ఉంది. ఏప్రిల్ కత్తిరింపు జరిగిన 40 నుంచి 60 రోజుల మధ్య పూమొగ్గ కట్టే దశలో నీళ్లు మూడో వంతుకు తగ్గించాలి. తగ్గిస్తేనే కొమ్మ సాగడం ఆగి మొగ్గ కడుతుంది. నీళ్లు ఉన్నాయి కదా అని జూన్‌లో దండిగా పారించి, యూరియా కూడా వేసిన తోటలో అక్టోబరు తర్వాత ఆకులే వస్తాయి, గుత్తి ఉండదు. దీనికి నర్సరీవాణ్ణి తిట్టి లాభం లేదు.

నీటి నాణ్యత కూడా రాసుకోవాలి. ద్రాక్ష ఉప్పును పెద్దగా ఓర్చుకోదు. వేరు చుట్టూ మట్టి సారపు విద్యుత్ వాహకత (ఉప్పును చెప్పే కొలత, రిపోర్టులో ఈసీ) మీటరుకు 1.5 డెసీసీమెన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో యూనిట్‌కు పదో వంతు దాకా పోతుంది. బోరు నీటి వాహకత 1 లోపు ఉంటే నిశ్చింత. మన బోర్లలో ఎక్కువగా కనిపించేది బైకార్బొనేటు బెడద. రిపోర్టులో 'ఆర్.ఎస్.సి.' అని రాసే అంకె 1.25 లోపు ఉంటే మంచిది. 2.5 దాటితే జిప్సం లేకుండా ఆ నీటితో ద్రాక్షకు దిగొద్దు. నేల చౌడుబారుతుంది, డ్రిప్పర్లలో సున్నం కడుతుంది. గంటకు 1,500 లీటర్లు కూడా రాని బోరున్నవాళ్లకు ద్రాక్షకన్నా దానిమ్మ మేలు.

పంట ఎటు పోతుంది: నాలుగు దారులు

తినే పండు. ఎక్కువ మందికి ఇదే దారి. ఇందులో ముఖ్యంగా మూడు ఎంపికలు. గింజ ఉన్న తెల్ల రకాలు అనాబ్-ఎ-షాహీ, దాని నుంచి వచ్చిన దిల్‌ఖుష్. గింజ లేని తెల్ల రకం థామ్సన్, దాని నుంచి పుట్టిన తాస్-ఎ-గణేష్, సోనాక, మాణిక్ చమన్. గింజ లేని నల్ల రకం శరద్ సీడ్‌లెస్.

అనాబ్-ఎ-షాహీని హైదరాబాద్‌కు తెచ్చింది అబ్దుల్ బాఖర్ ఖాన్, 1890 ప్రాంతంలో. ఒకప్పుడు తెలుగునేల మీద ద్రాక్ష అంటే అదే. కాపు దండిగా ఉంటుంది, మూడు నాలుగు కళ్లకు కత్తిరించినా గుత్తి వస్తుంది, పని తెలిసిన కూలీలు తక్కువున్నా నడుస్తుంది. లోపాలు రెండు. బూజు తెగులుకు తొందరగా లొంగుతుంది. కొనేవాళ్లు ఇప్పుడు గింజ లేని కాయే అడుగుతున్నారు. దిల్‌ఖుష్ బెంగళూరు మార్కెట్టులో బాగా పోతుంది కాబట్టి హిందూపురం వైపు వాళ్లకు అది ఇప్పటికీ సరైన ఎంపికే. అనంతపురం నుంచి పైకి, కర్నూలు దాకా, దాన్ని కొత్తగా పెట్టమని చెప్పలేం.

థామ్సన్ కుటుంబానికి అనంతపురం పొడి గాలి బాగా కుదురుతుంది. కానీ ఇది శ్రమ పంట. కొమ్మ మొదట్లో ఉన్న కళ్లు కాయవు. ఆరు నుంచి ఎనిమిది కళ్లు వదిలి కత్తిరించాలి, దానికోసం ఏప్రిల్ కొమ్మను ఏడు ఆకుల దగ్గర తుంచి పక్క కొమ్మ తెప్పించాలి. కాయ లావెక్కాలంటే జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను మందు తప్పదు. పూతకు ముందు గుత్తి సాగడానికి 10 పీపీఎం, అంటే 100 లీటర్లకు 1 గ్రాము. కాయ 3, 4 మి.మీ. అయ్యాక 40 పీపీఎం, అంటే 100 లీటర్లకు 4 గ్రాములు. ఇక్కడే మన బోరు నీరు దెబ్బతీస్తుంది. పీహెచ్ 8 ఉన్న నీటిలో కలిపిన జిబ్బరెల్లిక్ ఆమ్లం చాలా వరకు పనిచేయకుండా పోతుంది. ముందు సిట్రిక్ ఆమ్లంతో నీటి పీహెచ్‌ను 6 దగ్గరకు దించి, ఆ తర్వాత మందు కలపాలి. మందు వాడినా కాయ లావెక్కలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

9 అడుగులకు 5 అడుగుల ఎడంతో ఎకరాకు 968 మొక్కలు పడతాయి. మొక్కకు 30, 35 గుత్తులు, గుత్తి 300 గ్రాములు చొప్పున వదిలితే ఎకరాకు 9, 10 టన్నులు. అరవై గుత్తులు వదిలితే తూకం పెరగొచ్చు గానీ తీపి 16 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం చెప్పే కొలత) దాటదు, వచ్చే ఏడాది తీగ నీరసించి సగం కాపే ఇస్తుంది.

శరద్ సీడ్‌లెస్ గురించి ఒక మాట. ఎర్ర, నల్ల రకాల్లో వేడి రాత్రుల్లో కూడా రంగు బాగా పట్టేది ఇదే. క్రిమ్సన్ సీడ్‌లెస్, రెడ్ గ్లోబ్ పేర్లు విని పెట్టినవాళ్లకు అనంతపురంలోనే రంగు సగం సగం వస్తుంది, కడపలో పాలిపోయి ఆకుపచ్చగానే తీపెక్కుతుంది. ఆ రెండూ ఈ జిల్లాల్లో వద్దు.

కిస్మిస్. ఈ సీమలో దీన్ని తక్కువగా అంచనా వేస్తున్నారని మా అభిప్రాయం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అనంతపురం గాలిలో తేమ తక్కువ, వాన దాదాపు ఉండదు. కాయ ఎండడానికి కావాల్సింది అదే. థామ్సన్, మాణిక్ చమన్ కాయను 22 నుంచి 24 బ్రిక్స్ దాకా పండనివ్వాలి. లీటరు నీటికి 25 గ్రాముల పొటాషియం కార్బొనేట్, 15 మి.లీ. డిప్పింగ్ ఆయిల్ కలిపిన ద్రావణంలో గుత్తిని రెండు నుంచి నాలుగు నిమిషాలు ముంచి, నీడ షెడ్డులో జాలీ అరల మీద పరచాలి. పదిహేను రోజులకు తేమ 15 శాతానికి దిగుతుంది. నాలుగు కిలోల పండుకు ఒక కిలో కిస్మిస్. కాయ 18 బ్రిక్స్ దగ్గర కోస్తే అయిదు కిలోలకు పైనే పడుతుంది, ముడతలు పడిన పలచని సరుకు వస్తుంది. నేరుగా ఎండలో పరిస్తే ఆకుపచ్చ పోయి గోధుమరంగు వస్తుంది, ధర తగ్గుతుంది. కొనే మార్కెట్లు సాంగ్లీ, తాస్‌గావ్, విజయపుర. పచ్చి పండుకు ధర పడిపోయిన ఏడు అమ్మకం ఆపుకోగలగడం దీని అసలు లాభం. పండు వారం ఆగదు, కిస్మిస్ శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఆగుతుంది.

రసం, బెంగళూరు బ్లూ. నల్లగా, వాసనగా, తోలు ఊడొచ్చే ఆ చిన్న కాయ. ఇది హిందూపురం, మడకశిర ఎత్తులకే. మచ్చ తెగులును తట్టుకుంటుంది, బూజు తెగులుకు మాత్రం మందు కొట్టాల్సిందే. ఏడాదికి రెండు పంటలు తీస్తారు. జిబ్బరెల్లిక్ ముంపుడూ, గుత్తి పలచన చేయడమూ అక్కర్లేదు కాబట్టి కూలి ఖర్చు బాగా తగ్గుతుంది. అనంతపురం దిగువన గుత్తిలో కాయలన్నీ ఒక్కసారి రంగు తిరగవు. పచ్చి, నలుపు కలిసిన గుత్తిని రసం ఫ్యాక్టరీ తిప్పి పంపుతుంది.

వైన్. ఎక్కువ మంది అడిగేది దీని గురించే, తక్కువ మందికి కుదిరేదీ ఇదే. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్ విధానాలు తెచ్చాయి, వైనరీలు అక్కడ ఉన్నాయి. కాబట్టి ఇక్కడి రైతు కర్ణాటక కొనుగోలుదారు మీద ఆధారపడక తప్పదు. కోసిన కాయ ఒక రోజు లోపల రసం పిండే యంత్రంలోకి వెళ్లాలి. హిందూపురం నుంచి దొడ్డబళ్లాపురం, నంది కొండల వైపు రెండు మూడు గంటల్లో లారీ చేరుతుంది. కర్నూలు నుంచి అది రాత్రంతా పట్టే ప్రయాణం, దారిలో కాయ వేడెక్కి పులుస్తుంది.

వైన్ ద్రాక్షకు దిగుబడి పెంచుకునే వీలు లేదు. 8 అడుగులకు 4 అడుగుల ఎడంతో ఎకరాకు 1,361 మొక్కలు, మొక్కకు 4 కిలోలు మించకుండా, అంటే 5 టన్నుల చుట్టూ. అంతకు మించితే రంగు పలచబడుతుంది. థామ్సన్ రైతు చెప్పే 10 టన్నులతో పోల్చి చూసుకుని, కిలో ధర రెట్టింపు ఇస్తేనే లెక్క సరిపోతుంది. వేడి తట్టుకునే పేర్లు షిరాజ్, గ్రెనాష్, టెంప్రనిల్లో, తెల్లవాటిలో షెనిన్ బ్లాంక్. హిందూపురం ఎత్తులో కాబెర్నే సావిన్యోన్ కూడా ప్రయత్నించొచ్చు. పినో న్వార్, రీస్లింగ్, సావిన్యోన్ బ్లాంక్ ఈ జిల్లాల్లో ఎక్కడా పెట్టకూడదు. వాటి వాసన చల్లని రాత్రుల్లో పుట్టేది.

హంపి కొండల్లో క్రస్మా ఎస్టేట్ కాబెర్నే, సాంజొవేజే పండించి వైన్ చేస్తోంది. బళ్లారి దాటితే అదే, అనంతపురానికి అంత దూరమేం కాదు. వేడి సీమలో మంచి ఎర్ర వైన్ రాదనే మాట దాంతో తప్పని తేలింది. కానీ అక్కడ తోటా వైనరీ ఒకే యాజమాన్యానివి. కాయ ఎప్పుడు కోయాలో, ఎంత తక్కువ వదలాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. కౌలు నేలలో పెట్టి ఎకరం లెక్కన ఆదాయం చూసుకునే రైతు స్థితి వేరు.

వైనరీతో కాగితం రాసుకునేటప్పుడు బ్రిక్స్ ఒక్కటి రాస్తే చాలదు. 22 నుంచి 24 బ్రిక్స్, పీహెచ్ 3.6 లోపు, లీటరుకు 5 నుంచి 7 గ్రాముల పులుపు అని వాళ్లు అడుగుతారు. మన వేడికి బ్రిక్స్ అందేసరికి పీహెచ్ 3.8 దాటే ప్రమాదం ఉంది. కోత తేదీ వైనరీ చెప్పాలి, చెప్పిన రోజున లారీ రాకపోతే నష్టం ఎవరిదో రాసి ఉండాలి. కాగితం లేకుండా వైన్ రకం పెడితే ఆ చిన్న గింజల కాయను మండీలో అడిగే దిక్కుండదు. ఇంటి దగ్గర పులియబెట్టి అమ్మడం లైసెన్సు లేకుండా ఎక్సైజు నేరం, ఆ ఆలోచన వద్దు.

వేరు మొక్క: డాగ్‌రిడ్జా, 110 ఆరా?

సొంత వేరు మీద పెట్టిన తోట ఖర్చు తక్కువ. నీటి వాహకత 1 లోపు, మంచి ఎర్ర గరప నేల ఉన్నచోట అది చెడ్డ ఎంపికేం కాదు, కానీ ఈ సీమలో అలాంటి చేలు తక్కువ. అంటు మొక్క కొనేటప్పుడు పై రకం ఎంత ముఖ్యమో కింది వేరూ అంతే ముఖ్యం.

డాగ్‌రిడ్జ్ అనే వేరు రకం ఉప్పునూ, ఎద్దడినీ, వేరు బుడిపెల నులిపురుగునూ తట్టుకుంటుంది. టమాటా, బొప్పాయి వేసిన పాత నేలల్లో ఆ నులిపురుగు ఉంటుంది కాబట్టి అక్కడ ఇదే. దీని జోరు ఎక్కువ. లోతైన నల్లరేగడిలో, నీళ్లు దండిగా ఉన్నచోట కొమ్మ ఆగకుండా పెరిగి మొగ్గ కట్టదు. ఈ జోరును అణచడానికి సీసీసీ మందు విచ్చలవిడిగా కొట్టిన రోజులున్నాయి. 2010లో ఆ అవశేషాల వల్లే మన దేశపు ద్రాక్షను యూరప్ తిప్పికొట్టింది. నేలా నీళ్లూ చూసుకుని వేరు ఎంచుకుంటే ఆ అవసరమే రాదు. వైన్ రకాలకు డాగ్‌రిడ్జ్ వద్దు. అది పొటాష్ ఎక్కువ లాగుతుంది, రసంలో పీహెచ్ ఇంకా పెరుగుతుంది.

110 ఆర్ అనే ఇంకో వేరు రకం జోరు మధ్యస్థం, ఎద్దడి తట్టుకుంటుంది, థామ్సన్‌లో కాపు నిలకడగా ఉంటుంది. నులిపురుగు ముందు బలహీనం. నులిపురుగు లేని ఎర్రనేల, ఉప్పు మధ్యస్థంగా ఉన్న నీరు అయితే థామ్సన్‌కూ, వైన్ రకాలకూ మా ఓటు దీనికే. తాడిపత్రి, కోవెలకుంట్ల వైపు సున్నం గడ్డలున్న నల్లనేలలో ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కే జబ్బు వస్తుంది. సున్నాన్ని బాగా ఓర్చేది 140 రుగ్గేరి, కానీ అన్ని నర్సరీల్లో దొరకదు, ముందుగా చెప్పి కట్టించుకోవాలి.

పందిరా, వై ఆకారమా

తినే పండుకు ఈ ఎండలో పందిరే. ఏడడుగుల ఎత్తున ఆకు కప్పు కింద గుత్తి వేలాడితే ఎండదెబ్బ తగలదు. రాతి కూసాలు మన దగ్గర దొరికినంత చౌకగా నాసిక్‌లో దొరకవు. 9 అడుగుల కూసం, 2 అడుగులు భూమిలో, చుట్టూ అంచు కూసాలకు వెలుపలికి బిగువు తీగ. పందిరి కూలడం ఎప్పుడూ మూల కూసం దగ్గరే మొదలవుతుంది. అక్కడ తక్కువ పెట్టి, నడుమ లావు తీగ వాడి ప్రయోజనం లేదు.

ఇంగ్లిష్ వై అక్షరంలా రెండు చేతులు చాచిన కూసాల మీద తీగ పాకిస్తే మందు బాగా తగులుతుంది, గాలి ఆడుతుంది, కూసాలు తక్కువ పడతాయి. కడప నవంబరు తేమకు అది మంచిదే. కానీ సాళ్లు ఉత్తర దక్షిణంగా వేస్తే పడమటి వైపు గుత్తులు మధ్యాహ్నం ఎండకు మాడతాయి. ఆ వైపు ఆకు తుంచకుండా వదలాలి. వైన్ రకాలకు వై ఆకారమే.

గాలి సంగతి చాలామంది మరుస్తారు. రామగిరి కొండల మీద గాలి మరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఏప్రిల్ కొమ్మలను విరిచేస్తుంది. తోట పెట్టే ఏడాదికి ముందే పడమటి గట్టున రెండు వరుసల సరుగుడు వేయాలి.

కత్తిరింపు తేదీ కూడా ఒక ఎంపికే

సెప్టెంబరు మధ్యలో ముందుగా కత్తిరిస్తే జనవరిలో, నాసిక్, సోలాపూర్ సరుకు ముంచెత్తక ముందే కాయ మార్కెట్టుకు పోతుంది, మంచి ధర. కానీ చిగురు మూడు నుంచి అయిదు ఆకుల దశలో అక్టోబరు వాన పడితే బూజు తెగులు లేత గుత్తిని లోపలే చంపుతుంది. మందు కొట్టే ట్రాక్టరు సొంతంగా ఉండి, వాన ఆగిన ఆరు గంటల్లో తోటంతా తడపగలిగినవాళ్లే ఈ పందెం కాయాలి. అనంతపురంలో మిగతావాళ్లకు అక్టోబరు మొదటి రెండు వారాలు సరి. కడప, రాజంపేట వైపు నవంబరు మొదటి వారం దాకా ఆగితే పూత డిసెంబరు మధ్యకు జరుగుతుంది. కోత మార్చి చివరికి పోయి ఎండ 40 తాకుతుంది, కాయ మెత్తబడుతుంది. వానకు భయపడి ఎండకు చిక్కడం ఇదే. అందుకే కడప లోతట్టులో కొత్తగా ద్రాక్షకు దిగేవాళ్లను మేము ప్రోత్సహించం. చీనీ, అరటి, మామిడి తెలిసిన నేల అది.

హైడ్రోజన్ సైనమైడ్ లీటరుకు 30 నుంచి 40 మి.లీ. చొప్పున కలిపి, కత్తిరించిన రెండు రోజుల్లోపు కళ్లకు పూయాలి. కొస కన్ను వదిలేసి మిగతా వాటికి. రబ్బరు తొడుగులు తప్పవు. పూసే కూలీలు ముందురోజూ, ఆ రోజూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. ముట్టితే మొహం ఎర్రబారి, గుండె దడ, వాంతులు వస్తాయి, ఒక్కోసారి ఆస్పత్రి దాకా పోతుంది. పని ఒప్పుకునేటప్పుడే ఈ సంగతి మేస్త్రీకి చెప్పాలి.

ఎవరికి ఏది

హిందూపురం, మడకశిర ఎత్తుల్లో ఎంపికలు ఎక్కువ. ఖర్చు తగ్గాలనుకుంటే బెంగళూరు బ్లూ, నగదు తొందరగా కావాలంటే దిల్‌ఖుష్ లేదా శరద్, వైనరీ కాగితం చేతిలో ఉంటే 110 ఆర్ మీద షిరాజ్ లేదా షెనిన్. అనంతపురం, ధర్మవరం, కల్యాణదుర్గం ఎర్రనేలల్లో పందిరి మీద థామ్సన్ జాతి, ఎకరాల్లో మూడో వంతు కాయకు సరిపడే కిస్మిస్ షెడ్డు. కర్నూలు వైపు బోరు నీటి రిపోర్టు బాగుంటే డాగ్‌రిడ్జ్ మీద థామ్సన్, శరద్. వైన్ వద్దు.

ఎంపిక తేలాక వేరు మొక్కలను జనవరి, ఫిబ్రవరిలో నాటి, ఆగస్టు, సెప్టెంబరులో చేలోనే అంటు కట్టించుకుంటే మొక్క బతుకు శాతం బాగుంటుంది. అప్పటికి వేరు మొక్క కాండం పెన్సిలంత లావు రావాలి. సన్నగా ఉన్నవాటికి ఆ ఏడు అంటు కట్టొద్దు, వచ్చే ఏడాదికి వదిలేయండి. అంటు కర్రను ఎక్కువ కాసిన తోట నుంచి కాకుండా, వరుసగా రెండేళ్లు ఒకేలా కాసిన మొక్కలకు గుర్తు పెట్టి తెచ్చుకోండి. కట్టిన చోటికి కింద వేరు మొక్క నుంచి వచ్చే పిలకలను మొదటి ఏడాదంతా పది రోజులకొకసారి గిల్లుతుండాలి. రెండు నెలలు చూడకపోతే పిలకే తీగ అయి, పందిరి మీద పాకేది డాగ్‌రిడ్జే అవుతుంది.